రాత్రి రెండు గంటలకు ఏది ఆదుకుంటుంది? కాన్పు నుంచి బడి దాకా కొన్ని ఎంపికలు

తిరుపతిలో కడుపుతో ఉన్న అమ్మాయికి సలహాలకు కొదవ ఉండదు. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరమ్మ, పథ్యం ఎన్నాళ్లు, ఏ డబ్బాపాలు, ఏ బడి అన్నీ అడగకముందే పదిమంది చెబుతారు. వారంతా మంచి రోజును మనసులో పెట్టుకుని చెప్పేవారే. అంతా సవ్యంగా సాగిన రోజున ఏ ఆసుపత్రి అయినా మంచిదే, ఏ బడి అయినా మంచిదే. ఇద్దరు బిడ్డలను కన్నాక నాకు వేరే కొలత అబ్బింది. రాత్రి రెండు గంటలకు, కరెంటు పోయి, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ, భర్త ఊళ్లో లేని వేళ మనకు ఏది ఆదుకుంటుంది? కింది పోలికలన్నీ ఆ కొలతతో చూసినవే.

కాన్పు ఎక్కడ పెట్టుకోవాలి

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న మన ఆచారాన్ని నేను తప్పుపట్టను. అమ్మ వండిపెట్టే అన్నం, పక్కన పడుకునే మనిషి ఉంటే బాలింతకు సగం బలం. అయితే పుట్టింట్లో ఉండటం వేరు, పుట్టింటికి దగ్గర కదా అని అందుబాటులో ఉన్న చిన్న ఆసుపత్రిలో కాన్పు పెట్టుకోవడం వేరు. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

మా పుట్టిల్లు పలమనేరు వైపు పల్లె. దగ్గరి పట్నంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి, శుభ్రంగానే ఉండేది. ఆపరేషన్ తప్పదన్నారు. తప్పనప్పుడు మంచి ఘడియ చూద్దామని పెద్దలు ముహూర్తం పెట్టించారు. 37 వారాలు నిండిన మూడో రోజు, తెల్లవారుజామున నాలుగున్నర. బాబు ఏడ్చాడు, కానీ వెంటనే ఎగశ్వాస మొదలైంది. ఆ వేళ పిల్లల డాక్టరు అక్కడ లేరు. బిడ్డను 108లో తిరుపతికి తరలించారు, మా ఆయన వెంట వెళ్లారు. నేను కుట్లతో ఆ మంచం మీదే ఉండిపోయాను. మూడు రోజులు తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట.

వాడు కోలుకున్నాడు. కారణం తరువాత తెలిసింది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక అది ఇంకిపోతూ వస్తుంది. నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా ఆపరేషన్ చేసి తీసిన బిడ్డల్లో అందుకే ఈ ఆయాసం ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ముహూర్తం చూసుకునేవారికి నాదొక విన్నపం. ముందు డాక్టరు రోజులు చెప్పాలి, ఆ రోజుల్లోంచి పంతులుగారు గంట ఎంచాలి. తల్లికో బిడ్డకో ముప్పు ఉండి తొందరపడాల్సి వస్తే అది వేరు. అలాంటిదేమీ లేకపోతే 39 వారాలు నిండేదాకా ఆగమని, పగటివేళ పెట్టమని గట్టిగా అడగండి.

ఇక ఆసుపత్రుల సంగతి. తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, రుయా ఆసుపత్రి ఉన్నాయి. బోధనాసుపత్రిలో రాత్రీ పగలూ డ్యూటీ డాక్టర్లు ఉంటారు. చుట్టుపక్కల చేయి దాటిన కేసులు చివరికి చేరేది కూడా అలాంటి చోటికే. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఏదైనా రద్దీ మాత్రం ఉంటుంది, పక్కన కూర్చుని నెమ్మదిగా వివరించే తీరిక సిబ్బందికి తక్కువ. ప్రైవేటులో ఆ తీరిక దొరుకుతుంది, గది దొరుకుతుంది, తొమ్మిది నెలలు చూసిన డాక్టరమ్మే కాన్పు కూడా చేస్తుంది. అయితే గోడల రంగును చూసి ఎంచుకోకండి. మత్తు డాక్టరు రాత్రి ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోను చేస్తే వస్తారా? వస్తే ఎంతసేపట్లో? నవజాత శిశువుల చికిత్సా విభాగం ఇదే భవనంలో ఉందా? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పిన చోటు చిన్నదైనా నమ్మండి. ‘అవసరమైతే పెద్దాసుపత్రికి పంపిస్తాం’ అన్నారంటే, ఆ పంపేదేదో నొప్పులు రాకముందే మీరే వెళ్లిపోవడం మేలు. రెండో కాన్పుకు నేను అదే చేశాను. ఎనిమిదో నెల నిండగానే అమ్మను తిరుపతికి రప్పించుకున్నాను. పుట్టిల్లే నా దగ్గరికి వచ్చింది.

చిత్తూరు వాసులకు లెక్క కొంచెం మారుతుంది. అక్కడి నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు, వేలూరు అందులో సగం దూరమే. తరతరాలుగా ఆ ఊరి వాళ్లు వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి వెళ్తున్నారంటే దూరం కూడా ఒక కారణమే. అక్కడ కాన్పు జరిగితే జనన నమోదు తమిళనాడులో జరుగుతుందని గుర్తుంచుకోండి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడి చేరిక మొదలు అన్నిటికీ పుట్టిన తేదీకి ఆధారం జనన ధ్రువీకరణ పత్రమే. 21 రోజుల్లోగా నమోదు చేయించి, పేర్ల అక్షరాలు సరిచూసుకుని మరీ ఇంటికి రండి.

సహజ కాన్పా, సిజేరియనా అనే పోలిక నిజానికి మన చేతిలో సగమే ఉంటుంది. మాయ అడ్డంగా ఉంటే, బిడ్డ అడ్డం తిరిగితే, గుండె చప్పుడు తగ్గుతుంటే ఆపరేషనే ప్రాణం నిలుపుతుంది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 63 శాతం. ఇంతమంది తల్లులకు అడ్డం తిరిగిన బిడ్డలు ఉండరు. ‘నొప్పులు భరించలేను’ అన్న భయమే కారణమైతే, కుట్ల నొప్పితో బిడ్డను ఎత్తుకోలేని మొదటి వారాన్ని, తరువాతి కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కునే ప్రమాదాన్ని కూడా త్రాసులో వేసి చూడండి. ఆపరేషన్ అయినవారు మనసు కష్టపెట్టుకోవద్దు. నేనూ ఆ బల్ల ఎక్కినదాన్నే.

పథ్యం గురించి ఒక మాట. వెల్లుల్లి కారం, మెంతులు, మునగాకు, రాగిసంగటి బాలింతకు పెట్టే మన అలవాటు చక్కనిది. నీళ్లు తాగనివ్వకపోవడం, పప్పు, పండ్లు, గుడ్లు మాన్పించడం మాత్రం బాలింతకు చేటు. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువ నీరు, ఎక్కువ తిండి కావాలి. అత్తగారితో వాదించేకన్నా డిశ్చార్జి రోజున డాక్టరమ్మ చేతే ఆమెకు ఆ మాట చెప్పించడం తేలిక.

చనుబాలు, డబ్బాపాలు, ఉగ్గుగిన్నె

పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా లేకుండా చనుబాలు, ఆ తరువాత తిండితోపాటు రెండేళ్లు, ఇష్టమైతే ఇంకా పైన. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదే, నేనూ దీన్నే నమ్ముతాను. నమ్మినా తొలి బిడ్డకు ఇవ్వలేకపోయాను. వాడు తిరుపతిలో, నేను పలమనేరు వైపు. మూడు రోజుల తరువాత వాణ్ణి ఒళ్లోకి తీసుకుంటే రొమ్ము పట్టలేదు. ఆ వేళ నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. బిడ్డ దూరంగా ఉన్నా రెండు మూడు గంటలకోసారి, రోజుకు కనీసం ఎనిమిది సార్లు, చేత్తో పాలు పిండుతూ ఉండాలి. రాత్రి కూడా మానకూడదు. పాలు ఖాళీ అయిన కొద్దీ ఊరతాయి, పిండకుండా వదిలేస్తే వెనక్కి పోతాయి. ఇప్పుడు ఏ అమ్మాయి బిడ్డ అద్దాలపెట్టెలో ఉందని విన్నా నేను మొదట ఫోనులో చెప్పేది ఇదే.

‘పాలు చాలడం లేదు’ అన్న అనుమానంతోనే చాలా ఇళ్లలో డబ్బా తెరుచుకుంటుంది. ఏడుపును బట్టి పాలు చాలుతున్నాయో లేదో తేల్చలేం. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉచ్చపోస్తే, మొదటి రోజుల్లో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి వస్తే, పాలు చాలుతున్నట్టే. ఈ రెండింటిలో ఏది లేకపోయినా పక్కింటి మాట వినకుండా పిల్లల డాక్టరును కలవండి.

డబ్బాపాలను పాపంగా చూడటం నాకు నచ్చదు. మా వాడు అవి తాగే పెరిగాడు. కానీ నా కొలతతో చూడండి. రాత్రి రెండు గంటలకు రొమ్ము పాలకు కావలసింది తల్లి మాత్రమే, అదీ పడుకునే ఇవ్వవచ్చు. పోతపాలకు నీళ్లు మరగాలి, కొద్దిగా ఆరాక, ఇంకా 70 డిగ్రీల వేడి ఉండగానే పొడి కలపాలి. పొడిలో ఉండే క్రిములు ఆ వేడికి గాని చావవు. తరువాత చల్లార్చి పట్టాలి, రెండు గంటలు దాటితే పారబోయాలి. డబ్బా మీద రాసిన కొలత కన్నా పల్చగా కలిపితే బిడ్డకు బలం అందదు. నెల చివర డబ్బా అడుగంటేటప్పుడు చాలామంది అలా పల్చన చేస్తారు, అందుకే ఖర్చును ముందుగానే లెక్క వేసుకోండి. ఏడాది లోపు డబ్బాపాలకు బదులు నీళ్లు కలిపిన ఆవుపాలు అసలు వద్దు.

ఇక్కడ మన పాత సామానొకటి నన్ను గట్టెక్కించింది. అదే ఉగ్గుగిన్నె. పీక సీసాకు అలవాటు పడిన బిడ్డ రొమ్ము పట్టడానికి మొండికేస్తుంది. సీసా మూలల్లో పాలజిడ్డు దాగుతుంది, అర్ధరాత్రి నిద్రకళ్లతో దాన్ని ఎవరూ సరిగా కడగలేరు. ఉగ్గుగిన్నెకు మూలలు లేవు. స్టీలుదైతే మరిగే నీళ్లలో వేస్తే చాలు. మా రెండో బిడ్డ, పాపకు పిండిన పాలు పట్టాల్సి వచ్చినప్పుడల్లా దానితోనే పట్టాం. మొదటి రెండు రోజులు సగం కారిపోయాయి, తరువాత తనే నాలుకతో అందుకోవడం నేర్చుకుంది.

సెలవు అయిపోయాక

2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు ఇచ్చింది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా అంతే ఇస్తోంది. అందులో కాన్పుకు ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. ముందు ఎంత తక్కువ వాడితే బిడ్డ దగ్గర అంత ఎక్కువ ఉంటాం. తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం కూడా చట్టంలో ఉంది. అడిగితేనే దొరుకుతుంది, అడగండి.

బిడ్డను ఎవరు చూసుకోవాలన్నది అసలు చిక్కు. ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి వారానికోసారి వెళ్లడం, అమ్మమ్మను తిరుపతికి తెచ్చుకోవడం, శిశుసంరక్షణ కేంద్రం, ఇంటికి వచ్చే ఆయా. మొదటిసారి మేము బిడ్డను ఊళ్లో వదిలాం. ఆదివారం సాయంత్రం తిరుగు బస్సెక్కేటప్పుడు వాడు ఏడ్చేవాడు. కొన్నాళ్లకు ఏడవడం మానేశాడు, ఆ మానేయడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రెండోసారి పెద్దవాళ్లను తెచ్చుకున్నాం. ఇల్లు ఇరుకైంది, మాటా మాటా వచ్చింది, వంటింటి పెత్తనం చేతులు మారింది. అయినా మళ్లీ ఎంచుకోమంటే అదే ఎంచుకుంటాను. బిడ్డను కదిలించేకన్నా మనిషిని కదిలించడం మేలు. ఆ వీలు లేకపోతే ఇంటికి దగ్గరగా కాకుండా తల్లి ఆఫీసుకు దగ్గరగా ఉన్న కేంద్రాన్ని చూడండి. మధ్యాహ్నం వెళ్లి పాలిచ్చి రావచ్చు, జ్వరమని ఫోను వస్తే పది నిమిషాల్లో చేరవచ్చు.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు చల్లని గదిలో నాలుగు గంటలు ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. తిరుపతి ఎండాకాలంలో మన గది ఆ గది కాదు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి. నాలుగు రోజులు ఆగవచ్చు గాని, కరెంటు కోతలు ఉండే ఇంట్లో నేను ఒక రోజుకు మించి ఉంచలేదు.

తొందరగా తేల్చుకోదగినవి

డైపరా, లంగోటా? పగలు ఇంట్లో లంగోటీ, రాత్రికీ ప్రయాణానికీ డైపరు. మన ఎండలకు రోజంతా డైపరు ఉంటే ఒరుసుకుపోతుంది.

టీకాలు ప్రభుత్వ కేంద్రంలోనా, ప్రైవేటులోనా? పుట్టగానే బీసీజీ మొదలు 6, 10, 14 వారాల సూదులు, 9 నెలల మీజిల్స్-రుబెల్లా దాకా ముఖ్యమైనవన్నీ ప్రభుత్వ కేంద్రంలో ఉచితం. రోటా, న్యూమోకోకల్ టీకాలు కూడా ఇప్పుడు అందులోనే ఉన్నాయి. నొప్పి లేని టీకా అని ప్రైవేటులో ఇచ్చేదానికి జ్వరం తక్కువే, కానీ కోరింత దగ్గు నుంచి దాని రక్షణ త్వరగా తగ్గుతుంది. మేము ప్రభుత్వ కేంద్రానికే వెళ్లాం. వారం తప్పకపోవడమే ముఖ్యం.

తొలి ఆహారానికి మొలకెత్తించి ఆరబెట్టి విసిరిన రాగి పిండి ముందు దుకాణంలోని ఏ పొట్లమూ నిలవదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. జావ గరిటె నుంచి నీళ్లలా కారకూడదు, చిక్కగా జారాలి. పల్చని జావతో కడుపు నిండుతుంది, బలం రాదు. ఏడాది లోపు తేనె నాకించవద్దు.

పుట్టువెంట్రుకలు మొదటి ఏడాదిలో తీయించాలా, మూడో ఏడాదిలోనా అని మా ఇంట్లో చర్చ జరిగింది. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం అనే ప్రత్యేక మార్గంలో దర్శనం ఉంది, జనన ధ్రువీకరణ పత్రం వెంట ఉండాలి. చంటిబిడ్డతో గంటల కొద్దీ కంపార్ట్‌మెంట్లలో కూర్చోవడంతో పోల్చితే తేల్చుకోవడం కష్టం కాలేదు. 9 నెలల టీకా పడ్డాక, పుట్టినరోజు రాకముందు వెళ్లివచ్చాం.

బడి

పెద్దవాడికి బడి చూసేటప్పుడు మేము పేరు చూశాం. ఊరి అవతల పెద్ద ఆవరణ, పసుపు బస్సులు, హోర్డింగుల మీద ర్యాంకుల ఫొటోలు. బస్సు మా వీధి చివరికి ఉదయం ఏడూ పదికి వచ్చేది. ఆరేళ్ల పిల్లవాడికి రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఏడూ పదికి బస్సంటే ఆరుకు లేవాలి, ఆరుకు లేవాలంటే రాత్రి ఎనిమిదిన్నరకు పడుకోవాలి. వాళ్ల నాన్న ఇల్లు చేరేదే తొమ్మిదికి. నాన్ననా, నిద్రనా అని పిల్లవాడు రోజూ ఎంచుకోవాల్సి వచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా నాన్నను చూడాలని కళ్లు నులుముకుంటూ కూర్చునేవాడు. ప్రాస్పెక్టస్‌లో ఈ లెక్క ఎక్కడా ఉండదు.

ఒకరోజు పదకొండు గంటలకు జ్వరమని ఫోను వచ్చింది. సాయంత్రం బస్సులోనే పంపుతామన్నారు. ఆటోలో నేను చేరేసరికి గంటన్నర పట్టింది. బ్రహ్మోత్సవాల రోజులు, దారుల నిండా జనం. వాడు ఆఫీసు బెంచీ మీద బ్యాగు తలకింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. మరుసటి ఏడాది బడి మార్చాం.

కాబట్టి ఐదో తరగతి దాకా నా ఓటు నడిచి వెళ్లగలిగిన బడికే. అది ప్రభుత్వ బడి కావచ్చు, వీధి చివరి ప్రైవేటు బడి కావచ్చు. ప్రభుత్వ బడిలో శిక్షణ పొంది పోటీ పరీక్ష నెగ్గి వచ్చిన ఉపాధ్యాయులు, వేడి అన్నం, గుడ్డు ఉంటాయి. లోపం ఎక్కడంటే, పిల్లలు తగ్గిన ప్రాథమిక బడుల్లో ఒకే టీచరు రెండు మూడు తరగతులను కలిపి చెప్పాల్సి వస్తుంది. తరగతికి ఒక టీచరు ఉన్న ప్రభుత్వ బడి మీ వీధిలో ఉంటే మరో ఆలోచన అక్కర్లేదు. చిన్న ప్రైవేటు బడిలో సాధారణంగా తరగతికొక టీచరు ఉంటారు, కానీ ఏటా మారిపోతుంటారు. పోయినేడాది ఎంతమంది మానేశారో అడగండి. మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం ఉందో లేదో చూడండి. ఆడపిల్లలు నీళ్లు తాగకుండా ఇంటికి రావడానికి అదే కారణం. బడి పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ వర్తిస్తుంది, దాన్ని బట్టి ఎంచుకోవాల్సిన పని లేదు. పేద కుటుంబాలు ప్రైవేటు బడుల్లో విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతికి ఉన్న 25 శాతం సీట్ల దరఖాస్తు తేదీలను కనిపెట్టి ఉండాలి. కేంద్రీయ విద్యాలయం కావాలనుకుంటే మార్చి 31 నాటికి బిడ్డకు ఆరేళ్లు నిండి ఉండాలి. ఐదేళ్లకే ఒకటో తరగతిలో కూర్చోబెట్టి ఏడాది గెలిచామనుకోవడం ఎటూ మంచిది కాదు.

మాధ్యమం మీద ఇక్కడ పెద్ద ఎంపిక మిగల్లేదు, దాదాపు అంతటా ఇంగ్లీషే. పుత్తూరు, నగరి వైపు పిల్లలకు ఇంట్లో తమిళం కూడా కలుస్తుంది. మాటలు ఎన్ని కలిసినా ఫరవాలేదు. చదవడం మాత్రం మొదట తెలుగులో రావాలని నా పట్టుదల. రోజూ రాత్రి పది నిమిషాలు తెలుగు పుస్తకం పైకి చదివించాం. అక్షరాన్ని శబ్దంగా మార్చడం ఒక భాషలో పట్టుబడితే రెండో భాష దానంతట అది వెనక వస్తుంది. మా వాడి విషయంలో ఇంగ్లీషు చదవడం కుదురుకున్నది ఆ తరువాతే.

ఆరో తరగతి నుంచే ఐఐటీ పునాది అంటూ హాస్టల్లో చేర్పించే ఆలోచన గురించి ఒక్క ముక్క. పదకొండేళ్ల పిల్లవాడికి రాత్రి రెండు గంటలకు కడుపునొప్పి వస్తే ఎవరిని లేపాలో, లేపితే కసురుకోకుండా లేచేదెవరో తెలిసేదాకా నేను పంపను.

బడి ఈడు పిల్లలతో మన జిల్లాల్లో వచ్చే మరో ఎంపిక, ఆటలో చెయ్యి విరిగితే పుత్తూరు నాటువైద్యుల కట్టా, ఎముకల డాక్టరా? ఆ కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం తరాల నాటిది, పెద్దల చిన్న దెబ్బల దాకా నేను మాట్లాడను. పిల్లల సంగతి వేరు. వాళ్ల ఎముకల చివర ఎదుగుదల పొర ఉంటుంది, అది చెదిరిందో లేదో ఎక్స్‌రే లేకుండా తెలియదు. ముఖ్యంగా మోచేయి దగ్గర విరిగితే, వాపు మీద బిగించిన కట్టు రక్తనాళాన్ని నొక్కితే, చేతి వేళ్లు జీవితాంతం ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. పుత్తూరు బస్సెక్కే ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టు ఎవరు కట్టినా, వేళ్లు చల్లబడినా, నీలమైనా, కదిలిస్తే భరించలేనంత నొప్పి ఉన్నా ఆ గంటలోనే విప్పించాలి.

పాపకు ఇప్పుడు మూడేళ్లు. అంగన్‌వాడీకి వెళ్తోంది, గుడ్డు తింటోంది, పాటలు పాడుతోంది. ఆట స్థలం ఉన్న ప్లేస్కూలు దగ్గర్లో దొరికితే అదీ తప్పు కాదు, పలకా బలపం పట్టించని చోటైతే చాలు. తరువాతి బడి కోసం రెండింటిని అనుకుని ఉంచాం. ఆదివారాలు దారులు ఖాళీగా ఉంటాయి కాబట్టి, ఒక మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు పాప చెయ్యి పట్టుకుని రెండింటికీ నడిచి చూశాను. ఒకటి పద్నాలుగు నిమిషాలు, ఒక పెద్ద కూడలి దాటాలి. ఇంకోటి పంతొమ్మిది నిమిషాలు, దారి పొడవునా చెట్ల నీడ. రెండో దారిలో అది ఒక్కసారి కూడా ఎత్తుకోమని అడగలేదు.